ముందే బయల్దేరిన పెట్టె

మీ పెట్టె ఇంకొకరి ఇంటికి చేరితే మీరు ప్రయాణమైనట్టేనా?

తెలంగాణ ఉద్యమం రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో మేం కిరాయికున్న ఇంటి యజమాని అలాగే నమ్మేవాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన లెక్కల మాస్టారు. ఆయన కూతురికి ఢిల్లీలో గురువారం ఉదయం ఉద్యోగం ఇంటర్వ్యూ. బుధవారం మధ్యాహ్నం విమానం. బుధవారం ఉత్తరానికి వారశూల, అటు ప్రయాణం కూడదంటారు. అందుకని సోమవారమే మంచి ఘడియ చూసి, ఆమె పెట్టెను ఎల్బీ నగర్‌లో తన చెల్లెలింట్లో పెట్టించాడు. దీన్ని ప్రస్థానం అంటారు. సామాను మంచి వేళలో గడప దాటితే మనిషి కూడా బయల్దేరినట్టే లెక్క. ఆమె సర్టిఫికెట్లన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి.

“మాస్టారూ, విమానాశ్రయం మనకు నైరుతిలో ఉంది. మరి శూల కారుకా, విమానానికా?” అన్నాను.

“మీ నల్గొండ వాళ్ళకి అన్నిటికీ వాదనేనండీ. ఢిల్లీ పన్నెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. రెండు గంటల్లో దిగిపోతుంది. కంగారెందుకు?”

ఆకాశంలో దూరానికి ఆయన లెక్క సరిగ్గానే ఉంది. ఇంటికీ పెట్టెకూ మధ్య దూరం అందులో లేదు.

మంగళవారం సాయంత్రం మర్నాటికి బంద్ పిలుపు వచ్చింది. పెట్టె తెచ్చేస్తానన్నాను.

“ప్రస్థానం పెట్టింది వెనక్కి రాకూడదు. వెళ్తూ వెళ్తూ అదే తీసుకుంటుంది” అన్నాడు మాస్టారు.

బుధవారం ఆమెను స్కూటర్ మీద ఎక్కించుకుని ఎల్బీ నగర్ వైపు బయల్దేరాను. కూడలిలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. చేతిలో గరిటెతో ఒక యువకుడు ఆపాడు.

“ఏడికన్నా?”

“పెట్టె తీస్కొని ఏర్‌పోర్టుకు పోవాలె.”

“ఏర్‌పోర్టు అటు గదా, గిటెందుకొచ్చిన్రు?”

సంగతి చెప్పాను. నవ్వి, పక్కనున్న వాళ్ళతో పొయ్యి మీది గిన్నె జరిపించాడు. “పో అక్కా. ఢిల్లీల మా రాష్ట్రం సంగతి గూడ జర అడిగి రా.”

ఆ తర్వాత కూడా ప్రతి మలుపులో ఆగాం, అదే కథ చెప్పాం. పెట్టె తీసుకుని, వచ్చిన దారినే తిరిగి విమానాశ్రయం చేరేసరికి కౌంటర్ మూసేశారు. మరో విమానంలో చోటు లేదు. రైలెక్కితే తెల్లారేసరికి ఢిల్లీ చేరదు.

“అంతా మీ బంద్ వల్లే” అన్నాడు మాస్టారు, పెట్టెతో ఇంటికి తిరిగొచ్చిన మమ్మల్ని చూసి.

ఆ బంద్‌ను బలపరిచినవాణ్ణే నేను. రోడ్డు మీద పోయిన సమయానికి మావాళ్ళూ బాధ్యులే, ఒప్పుకుంటాను. కాని విమానాశ్రయానికి వీపు తిప్పి మేం వెళ్ళింది బంద్ కోసం కాదు.

కూతురు పెట్టెను తండ్రి ముందు పెట్టింది. “నాకంటే ముందే బయల్దేరింది కదా నాన్నా. రేపు ఇంటర్వ్యూకి దీన్నే పంపండి.”



మీ ఇంట్లో ఎవరి పెట్టె అయినా ఇప్పుడు ఇంకొకరి వరండాలో ఉంటే, చదవడం ఆపండి. లేచి వెళ్ళి తెచ్చుకోండి.