మేస్త్రీగారి కొత్త చెవులు

మేస్త్రీగారికి చెవుడు అని ఆ మిల్లుపేటలో ఎవరైనా ప్రత్యేకంగా చెబితే నవ్వుతారు. అక్కడ నలభై దాటిన మగవాళ్లలో సరిగ్గా వినబడేది ఎవరికని? వందల మరమగ్గాలు ఒక్కసారిగా కొట్టుకునే షెడ్డులో సగం ఆయుష్షు నిలబడ్డవాడికి చెవులు మిగలవు. అందుకే ఆ షెడ్లలో మాటని కళ్లతోనే వినేవాళ్లు. ఈ చివర మగ్గం దగ్గరవాడు పెదాలు కదిపితే ఆ చివరవాడు చూసి అందుకునేవాడు. పోగు తెగిందని చెప్పినా, పొద్దున పెళ్లాంతో జరిగిన గొడవ చెప్పుకున్నా అంతా పెదాల మీదే నడిచేది.

అందరి కళ్లూ ఒక ఎత్తు, షెడ్డు పని అజమాయిషీ చేసే మేస్త్రీ కళ్లు ఒక ఎత్తు. షెడ్డు ఈ మూల నిలబడి, ఆ మూల సగం తిరిగి ఉన్న మనిషి ఏమంటున్నాడో ఇట్టే పట్టేసేవాడు. ఊరికే డేగ అని పేరు పెట్టలేదు. ఆ పేరు ఆయన ఎదురుగా కూడా అనేవాళ్లు, చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఈ చెయ్యి అడ్డం సంగతి చెప్పాలి. ఆ పేటలో గుట్టుగా ఏదైనా మాట్లాడుకోవాలంటే ఎవరూ గొంతు తగ్గించరు. తగ్గించి ఎవరిని మోసం చెయ్యాలి? నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని మామూలు గొంతుతోనే, ఒక్కోసారి అరిచి మరీ చెప్పుకుంటారు. మొగుడు పక్కనే కూర్చుని బూట్లు తుడుచుకుంటూ ఉంటాడు, పెళ్లాం చెయ్యి అడ్డం పెట్టుకుని వాడి ఏడు తరాలనూ తిట్టిపోస్తుంది. వాడు తల కూడా ఎత్తడు. మేస్త్రీ వీధిలో నడిచి వెళ్తుంటే గుమ్మాల్లో చేతులన్నీ నోళ్ల మీదకి వెళ్లేవి. తన హోదాకి జనం ఎంత భయపడుతున్నారో చూశారా అని ఆయన మీసం దువ్వుకునేవాడు. రిటైరైనా ఆ చేతులు దిగలేదు, ఆయన గర్వమూ దిగలేదు.

ఆయన భార్య నోట్లో నాలుక లేని మనిషి. నలభై ఏళ్ల కాపురంలో ఆవిడ అన్నవన్నీ కలిపినా ఒక పూటలో చెప్పెయ్యొచ్చు. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ మెల్లగా స్వాధీనంలోకి వచ్చాయి. నోరు మాత్రం ఎడమ పక్కకి లాగేసి అక్కడే ఉండిపోయింది. ముద్దముద్దగా మాట్లాడుతుంది, అలవాటైనవాళ్లకి తెలుస్తుంది. మేస్త్రీకి మాత్రం ఆ పెదాలు అచ్చు చెరిగిన కాగితమైపోయాయి. ఎంత చూసినా ఒక్క మాట అందదు.

విచిత్రం ఏమిటంటే ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టింది అప్పుడే. సాయంత్రం ఆయన భోజనానికి కూర్చుంటే ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. కళ్లలోకి చూస్తూ, కంచం ఖాళీ అయ్యేదాకా ఆపకుండా మాట్లాడుతుంది. ఆయన నవ్వి తల ఊపుతాడు. ఆవిడ ఇంకా చెబుతుంది. ఆయన ఇంకా ఊపుతాడు.

ఇంట్లో మూడో మనిషి ఆయన బావమరిది భార్య. బావమరిది అదే షెడ్డులో పనిచేసేవాడు. ఉద్యోగం పోయాక ఏ మిల్లూ పనిలోకి రానివ్వలేదు. చివరికి గొట్టాల కోసం కందకాలు తవ్వే పనిలో చేరి, మట్టి విరిగి మీద పడి చనిపోయాడు. దిక్కులేని అతని భార్యని మేస్త్రీ ఇంటికి తెచ్చి పెట్టుకున్నాడు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పకుండా ఉండడు.

"చెల్లెమ్మా, ఏమంటోంది మీ వదిన?" అని అడుగుతాడు.

ఆమె ఆయన వైపు తిరిగి, పెదాలు విడదీసి స్పష్టంగా చెబుతుంది. "ఇంకాస్త వేసుకోమంటోంది అన్నయ్యా." మరో రోజు, "మీ ఒళ్లు చిక్కిపోయిందని బాధపడుతోంది అన్నయ్యా."

ఇంతసేపు మాట్లాడింది ఇంతేనా అని ఆయనకి అనుమానం వచ్చేది. చెల్లెమ్మ సిగ్గుపడి మిగతాది మింగేస్తోందని అనుకునేవాడు. జబ్బుపడ్డాక ఆడమనసు కరిగింది, ఇన్నాళ్లూ దాచుకున్న ప్రేమంతా ఇప్పుడు బయటికొస్తోంది, దాన్ని తను వినలేకపోతున్నాడు. ఆయన్ని నేను మెచ్చుకోను గానీ ఈ ఒక్క కోరికలో మాత్రం కల్తీ లేదు. చచ్చేలోగా భార్య ఏమంటోందో వినాలి. చెవి మిషన్లు కొనాలి. అయితే మోసపోకుండా కొనాలి.

మొదటి దుకాణంలో మెత్తని సోఫా, చల్లని గాలి, టై కట్టుకున్న యువకుడు. జత ధర చెప్పగానే మేస్త్రీ సోఫాని చేత్తో తడిమి, "ఇది కూడా కలిపేనా?" అని అడిగి లేచి వచ్చేశాడు. రెండోది కళ్లజోళ్ల కొట్టు. అక్కడ చౌకగానే ఇస్తామన్నారు. చెవిలో పెట్టగానే అది ఈల వేసింది. కొట్టువాడు మొదట్లో అలాగే వేస్తుందన్నాడు. "నా చెవిలో ఈల వెయ్యడానికి నీకు డబ్బులెందుకివ్వాలి?" అని మేస్త్రీ దాన్ని బల్ల మీద పడేశాడు. పేటలో అలాంటి మిషన్లు కొని బీరువాలో దాచుకున్నవాళ్లు బోలెడుమంది. ఆయన వాళ్లలా వెర్రివాడు కాడు.

మూడో దుకాణంలో చెవులు పరీక్షించే అద్దాల గది ఉంది. చప్పుడు చొరబడని గది అది. అందులో కూర్చోబెట్టి, చెవులకి డిప్పలు తగిలించి, చేతికి మీట ఇచ్చారు. శబ్దం వినబడినప్పుడల్లా నొక్కాలి. పరీక్ష చేసే కళ్లజోడు పిల్ల అద్దం అవతల కూర్చుంది. మేస్త్రీ టకటకా నొక్కేస్తున్నాడు. కాసేపటికి ఆ పిల్ల నవ్వుకుంటూ లోపలికొచ్చింది.

"తాతగారూ, మీరు వినట్లేదు, నా చెయ్యి చూసి నొక్కుతున్నారు. గోడవైపు తిరగండి," అంటూ కుర్చీ తిప్పేసింది. గోడవైపు తిరిగాక ఆయన నొక్కింది బహు తక్కువ.

పరీక్ష అయ్యాక ఎవరి కోసం ఇదంతా అని అడిగింది. ఆయన చెప్పాడు. ఆ పిల్ల కళ్లు చెమర్చాయి. కాస్సేపు కూర్చోమని చెప్పి బయటికెళ్లి తలుపు వేసింది. మేస్త్రీ కుర్చీని మళ్లీ అద్దం వైపు తిప్పుకున్నాడు.

అవతల గది తుడిచే ఆవిడతో ఆ పిల్ల మాట్లాడుతోంది. ఆ పిల్ల మిల్లుపేటలో పుట్టలేదు కదా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవాలని ఎవరు నేర్పుతారు? "సారు ఈయనకి ఎర్రపెట్టెలోది అంటగట్టమన్నాడు. తెల్లపెట్టెలోదీ అదే మిషను, పెట్టె వేరు, ధర వేరు, అంతే. మూడో వంతుకిచ్చినా సారుకి లాభమే. పాపం, భార్య మాట వినాలని వచ్చాడు, ఎలా చెప్పను?"

మేస్త్రీ పెదాల మీద పాత నవ్వు మొలిచింది.

యజమాని గదిలో బేరం మొదలైంది. యజమాని ఎర్రపెట్టె తెరిచి దాని గొప్పతనం ఏకరువు పెట్టాడు. మేస్త్రీ ఆయన పెదాలు కదలడం ఆగేదాకా ఓపిగ్గా చూసి, "మూడో వంతు," అన్నాడు.

యజమాని నవ్వాడు, నొచ్చుకున్నాడు, పిల్లల మీద ఒట్టేశాడు. గిట్టదండీ అన్నాడు.

"గిట్టుతుంది. తెల్లపెట్టెలోదీ ఇదే మిషను. మూడో వంతుకిచ్చినా నీకు లాభమేగా?"

యజమాని మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఎవరు చెప్పారు మీకు?"

ఇక్కడ ఆయన ఏదైనా అని ఉండొచ్చు. నాలుగు కొట్లు తిరిగి కనుక్కున్నానంటే సరిపోయేది. పెదాలు చదువుతానని నిజమే చెప్పినా ఎవరి కొంపా మునిగేది కాదు. కానీ అలాంటి మాటలకి యజమాని ఇంకో అరగంట బుకాయిస్తాడు. ఒక్క దెబ్బకి తేలిపోవాలంటే సాక్షిని చూపించాలి. మేస్త్రీ వేలెత్తి అద్దం అవతల ఉన్న పిల్లని చూపించాడు. "నీ దగ్గర పనిచేసే అమ్మాయే చెప్పింది."

బేరం అక్కడితో తెగింది. మూడో వంతుకే ఇచ్చారు.

మిషన్లు అమర్చింది కూడా ఆ పిల్లే. అయినా పని సరిగ్గానే చేసింది. మొదట్లో అంతా గోలగా ఉంటుందని, ఫ్యాను ఆపేసి దగ్గరగా కూర్చుని వినమని, నాలుగు రోజుల్లో అలవాటవుతుందని ఓపిగ్గా చెప్పింది. ఆమె మొహంలోకి మేస్త్రీ చూడలేదు. పెదాలు చూసే పని తీరింది కదా, ఆ గోలలో అందినంత విన్నాడు. లేచి తలుపు దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి యజమాని గొంతు వచ్చింది. "రేపట్నించి నువ్వు రానక్కర్లేదు."

ఎన్నో ఏళ్ల తరవాత ఆయన చెవులతో పూర్తిగా విన్న మొదటి మాట అదే. వెనక్కి తిరగకుండా, పెదాలు చూడకుండా, అక్షరం పొల్లుపోకుండా విన్నాడు. సరుకు మంచిదే అనుకుంటూ మెట్లు దిగాడు. మనిషై పుట్టాక ఒక్క క్షణం ఆగాలా వద్దా? ఆగలేదు.

ఇంటికొచ్చి పెట్టె బల్ల మీద పెట్టి, చెవులు అటూ ఇటూ తిప్పి చూపించాడు. "ఎంతకి కొన్నానో తెలుసా?" అని కథంతా చెప్పాడు, ఆ పిల్ల సంగతితో సహా. వంటింట్లో కుళాయి చప్పుడు, గిన్నెల చప్పుడు, తల మీద ఫ్యాను రొద అన్నీ కలిసి చెవుల్లో హోరెత్తుతున్నాయి. చెల్లెమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో అంది. భార్య వంకర నోటితో ఏదో జవాబిచ్చింది. ఆ హోరులో ఆయనకి ఒక్క ముక్కా అందలేదు. వాళ్లకీ ఆ మిషన్ల మీద నమ్మకమేమీ కలిగినట్టు లేదు, బీరువాల్లో మూలుగుతున్నవి ఎన్ని చూడలేదు!

భోజనానికి కూర్చుంటూ ఆయన ఫ్యాను ఆపేశాడు. భార్య ఎప్పటిలాగే కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. మొదటి మాట పూర్తిగా విని, దానికి చక్కగా బదులు చెప్పి ఆవిడని ఆశ్చర్యపరచాలని ఆయన పథకం. ఆవిడ గొంతు ఎలా ఉంటుందో కూడా ఆయన మరిచిపోయాడు.

"తిను," అంది ఆవిడ.

ఆ గొంతు ముద్దగా ఉంది, నెమ్మదిగా ఉంది. ఎదురుగానే ఉంది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నలభై ఏళ్లలో ఏనాడూ 'మీరు' దాటని మనిషి తనని 'నువ్వు' అన్నందుకు ఒళ్లు పులకరించింది.

"తిను. నా తమ్ముడి ఉద్యోగం తిన్నావు. వాడి ప్రాణం తిన్నావు. ఇవాళ ఎవరో పరాయి పిల్ల నోటికాడ కూడు తిని వచ్చావు. ఇంకా కడుపు నిండలేదుగా నీకు, తిను."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఆవిడ కళ్లలో కోపం లేదు. రోజూ చేసే పని చేస్తున్నట్టుగా ఉంది.

"సమ్మె చేసి మగ్గాలు ఆపేద్దామని వాడు ఎవడితోనో అంటే, డేగలా చూసి మిల్లు యజమానికి మోసుకెళ్లావు. మరుసటి నెల్లోనే మేస్త్రీవయ్యావు. ఆ రాత్రి నా పక్కన ఎలా పడుకున్నావురా? చావు నిన్నెందుకు మరిచిపోయిందో రోజూ అడుగుతున్నాను. నువ్వు తల ఊపుతావు."

వెనక నుంచి చెల్లెమ్మ నవ్వు వినిపించింది. ఆయన కనుకొలకుల్లోంచి చూశాడు. నోటికి అరచెయ్యి గట్టిగా అడ్డం పెట్టుకుని, గొంతు ఏమాత్రం తగ్గించకుండా అంటోంది. "చాల్లే వదినా, కంచం ముందు ఏడిపించకు. ఇవాళ కూరలో ఉప్పు సరిపోయిందా అని అడుగుతోందని చెప్తాలే."

బావమరిది సంగతి మిల్లు యజమానికి తప్ప ఈ లోకంలో ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రం మిల్లు ఆవరణలో యజమానిని పక్కకి పిలిచి, చెవి దగ్గర నోరు పెట్టి, ఊపిరికన్నా మెల్లగా చెప్పాడు. ఆయనకి బాగా గుర్తుంది. తల ఊపి ఊరుకుంటే ఆ పూట గడిచిపోయేది. అలవాటు చొప్పున సగం ఊపాడు కూడా. కానీ ఆ ప్రశ్న లోపల ఆగలేదు. చాలా మెల్లగా, గుసగుసగా అడిగాడు.

"నీకెవరు చెప్పారు?"

ఆ మాట గోడలకి తగిలి తిరిగొచ్చి ఆయన చెవుల్లోనే పడింది. ఆయన ఉలిక్కిపడ్డాడు. ఎదురింటి కిటికీలో ఎవరో తొంగిచూశారు. అది అరుపు. తన గుసగుస అంత ఉంటుందని ఆయనకి అప్పుడే తెలిసింది. ఆ సాయంత్రం ఆవరణలో ఉన్న వాచ్‌మన్, లారీలు ఎక్కించేవాళ్లు, షిఫ్టు దిగి గేటు దాటుతున్న కుర్రాళ్లు, గేటు బయట పిల్లలతో నిలబడ్డ ఆడవాళ్లు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. అందరికీ అప్పటికింకా చెవులు పోలేదు. వీధి పొడుగునా నోళ్ల మీదకి లేచిన చేతులూ గుర్తొచ్చాయి. పేట మొత్తానికి మొదటి రోజే తెలుసు. వాళ్లకి తెలుసన్న సంగతి తెలియనిది ఆయన ఒక్కడికే.

చెల్లెమ్మ మొహం పాలిపోయింది, చెయ్యి మాత్రం నోటి మీదే బిగుసుకుపోయింది. ఆయన చెవి దగ్గరికి చెయ్యి పోనిచ్చాడు, మిషను లాగేద్దామని. భార్య ఆ మణికట్టు పట్టుకుని మెల్లగా కిందికి దించింది.

"చెయ్యి తీసెయ్యవే," అంది మరదలితో. "ఆయనకి వినబడుతోంది."

తరవాత కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుని, కంచంలో మరికాస్త అన్నం వడ్డించింది. ఎప్పటి మర్యాదతోనే అంది.

"బ్యాటరీలు అయిపోతే చెప్పండి, తెప్పిస్తాను. మీతో చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది."