బండలాగుడుకి ముందు భోజనాలు

ఇది అన్నదమ్ముల మహాసంగ్రామం. రెండు శిబిరాలు, రాయబారాలు, ఎర్రమట్టి మైదానం, చూడడానికి చుట్టుపక్కల ఊళ్ల జనం, అన్నీ ఇందులో ఉన్నాయి. పైగా జరిగింది పల్నాడులో, అన్నదమ్ముల తగవు అనగానే చరిత్ర పుస్తకం తెరుచుకునే చోట. ఇంత చెప్పాక నిజం కూడా చెప్పాలి. యుద్ధం జరగలేదు. భోజనాలు జరిగాయి.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న నరసరావుపేటలో మా ఆఫీసువాళ్లు క్రికెట్ మ్యాచ్‌కి వెళ్దామని, ఆట మొదలయ్యే ముందు గ్రౌండు బయట కార్ల డిక్కీలు ఎత్తి అక్కడే వండుకుని తిందామని, విదేశాల్లో ఇదొక పెద్ద వేడుకని ఫోనులో వీడియో చూపించారు. అందరూ ఆశ్చర్యపోయారు. నేను ఆశ్చర్యపోలేదు. బండి వెనక తలుపు దించుకుని ఆటకి ముందు తినడం నాకు మా అమ్మమ్మ ఏనాడో నేర్పింది. కాకపోతే మా ఆటగాళ్లకు కొమ్ములుండేవి.

ఎద్దుల జతలతో రాతిబండను ఈడిపించే బండలాగుడు పందేలు చూసినవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. దుర్గి దగ్గరి తిరునాళ్లకు ఎద్దుల జత బయల్దేరిందంటే దాని వెనక సగం చుట్టరికం కదిలేది. ట్రాక్టరు ట్రక్కులో గడ్డి, గడ్డి మీద పట్టా, పట్టా మీద గిన్నెలు, గిన్నెల సందుల్లో మనుషులు. మైదానం అంచున ఆపి వెనక తలుపు దించితే అదే వడ్డించే బల్ల, ట్రక్కు కింది నీడే ముసలివాళ్ల పడకగది. ఎద్దుల కోసం ఉడికించిన ఉలవల నీళ్లే చింతపండు కలిసి మాకు చారయ్యేవి కాబట్టి ఆ వంటలో మొదటి వాటా ఎద్దులది, మిగిలింది మాది. దాన్ని ఎవరూ అవమానంగా అనుకోలేదు. ఎద్దులు కూడా గర్వపడినట్టు కనిపించలేదు.

మా మామయ్యలిద్దరూ పంపకాల్లో పొలం, గొడ్లచావిడి, ఇత్తడి గంగాళాలు సమంగా పంచుకుని, ఆ ఊపులో ఎద్దుల జతను కూడా పంచుకున్నారు. ఎడమ వైపు లాగే దాపటి ఎద్దు పెదమామకి, కుడి వైపుది చిన్నమామకి. ఒక పక్క అలవాటైన ఎద్దు రెండో పక్క లాగదని, జత విడిపోతే రెండూ పందేనికి పనికిరావని వాళ్లకు తెలియక కాదు, దూడలప్పటి నుంచి రెంటినీ పెంచింది వాళ్లే. అయినా న్యాయం న్యాయమే. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఎందుకని అడిగితే చెరొక కారణం చెప్పేవారు, రెండూ పైకి చెప్పుకోదగ్గవి కావు.

అమ్మమ్మ కోరిక ఒక్కటే, ఇద్దరూ తన కళ్ల ముందు ఒక వరసలో కూర్చుని తినాలి. దానికోసం ఆమె పెద్దమనుషుల్ని పిలవలేదు, కన్నీళ్లు పెట్టుకోలేదు, ఎద్దుల్ని పట్టుకుంది. వేరువేరు యజమానుల ఎద్దుల్ని కలిపి కట్టే జతలు పందేల్లో మామూలే, మైకులో వాటిని కంబైండ్ జత అంటారు. తన కొడుకుల ఎద్దుల్ని అలా కట్టించాలని ఆమె పంతం పట్టింది. అప్పుడే డిగ్రీ పరీక్షలు రాసి ఏ పనీ లేకుండా ఉన్నాను కాబట్టి రాయబారం నాకు అప్పగించింది. ఇద్దరూ ఒకే అరుగు మీద చెరో చివర కూర్చుని, మీ పెదమామకి చెప్పు, మీ చిన్నమామకి చెప్పు అంటూ నాతో మాట్లాడేవారు. నేను మధ్యలో కూర్చుని ఎవరికీ ఏమీ చెప్పకుండానే పని జరిగిపోయేది.

"ఎద్దుని తోలుకొస్తా. కూడు మాత్రం నాది నేను తింటా, మీ అమ్మమ్మకి చెప్పు," అన్నాడు చిన్నమామ. అమ్మమ్మ అక్కడే చింతపండు పిసుకుతోంది.

"ముందు రమ్మనరా," అంది, తనూ నాతోనే.

ఇక ఏర్పాట్లు. పొగ జనం మీదికి రాకుండా గాలి చూసి ట్రక్కు ఆపాలి. గోంగూర ముందురోజే నూరి పెట్టుకోవాలి, నాటుకోడి పులుసు మాత్రం అక్కడే, వాసన వెళ్లాల్సిన చోటికి వెళ్లేలా కాగాలి. ట్రక్కు తలుపు మీద అన్నదమ్ముల విస్తళ్లు పక్కపక్కన వేసి, లేచి పారిపోకుండా అటువైపు నేను, ఇటువైపు మా కుటుంబంలోకెల్లా లావుపాటి బాబాయి కూర్చోవాలి. ఇంత పకడ్బందీ పథకం నా జీవితంలో మళ్లీ వేయలేదు. అది పారలేదు కూడా.

ఎందుకంటే మేం పొయ్యి వెలిగించేసరికి చిన్నత్త ఇంకో ట్రాక్టరు వేసుకుని వచ్చింది. తన మొగుడు పరాయి పొయ్యి దగ్గర చెయ్యి చాపడం ఇష్టంలేక ఆవిడ కూడా సరిగ్గా అవే కూరలు, అంతమందికే తెచ్చి, మా ట్రక్కుకి ఎదురుగా తన ట్రక్కు తలుపు దించింది. వచ్చిన చుట్టాలకు ధర్మసంకటం. ఒకచోట తింటే రెండోవాళ్లకు కోపం. అందుకని అందరూ రెండుచోట్లా తిన్నారు. లావుపాటి బాబాయి దీన్ని కష్టంగా భావించలేదు. మామయ్యలు మాత్రం ఒక్క ముద్ద ముట్టకుండా చెరో పక్కన నిలబడ్డారు. అమ్మమ్మ రెండు ట్రక్కుల మధ్య ఎండలో కూర్చుని, ఎటూ తినలేదు.

మా జత వంతు వచ్చింది. కాడి వేసి, బండ తగిలించి, మైకులో పేర్లు చదివారు. ఎద్దులు నాలుగడుగులు పెళ్లినడక నడిచి ఆగిపోయాయి. అదిలించారు, బతిమాలారు. దాపటిది నింపాదిగా పడుకుంది. మైదానమంతా నవ్వు. కాడి తీసి చూస్తే రెండు పొట్టలూ డోళ్లలా ఉన్నాయి.

పెదమామ ముఖం ఎర్రబడింది. ఆ కోపంలో రాయబారిని మరచిపోయాడు.

"నా ఎద్దుకి మళ్లీ ఉలవలు పెట్టింది ఎవుడ్రా?"

"నేనే పెట్టా. నీ కాడ దానికేం కడుపు నిండుద్ది?"

"నీ దానికి నేనూ పెట్టా. చూసుకున్నావా, డొక్కలు ఎట్టున్నయ్యో?"

"చిన్నప్పట్నించీ అయి అట్టనే ఉంటయ్యి గదన్నా. నీకు తెలవదా ఏంది?"

'అన్నా' అన్న ఆ పిలుపు వాళ్లిద్దరూ గమనించలేదు. అమ్మమ్మ గమనించింది. తప్పెవరిదని అడగలేదు, చెరో విస్తరీ చేతిలో పెట్టి, "తింటా తిట్టుకోండి, చారు ఆరిపోతంది," అంది. వాళ్లు పడుకున్న ఎద్దు పక్కనే మట్టిలో కూర్చుని, నిండు నోళ్లతో తిట్టుకుంటూ తిన్నారు. అమ్మమ్మ మళ్లీ మళ్లీ వడ్డించింది. ఆ రోజు ఆమె నడకలో ఉన్న తొందర నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

ఇప్పుడు అమ్మమ్మ లేదు, ఎద్దులు లేవు. మా ఆఫీసువాళ్లు చివరికి వంట మానుకుని, ఎవరి డబ్బా వాళ్లే తెప్పించుకున్నారు. శుభ్రంగా ఉంది, రుచిగానూ ఉంది. మా దగ్గర తినకుండా పోతావా అని చెయ్యి పట్టుకుని లాగేవాళ్లు లేరు, తినకపోతే అలిగేవాళ్లూ లేరు. ఒక పూటలో రెండు భోజనాలు తిని ఆయాసపడుతూ నిలబడిన ఆ మధ్యాహ్నం ఉన్నంత నిండుగా నేను మళ్లీ ఎప్పుడూ లేను.

తిరునాళ్ల అయిన వారంలోనే, అమ్మమ్మ అటూ ఇటూ తిరగడానికని, మామయ్యలు పంపకాలప్పుడు రెండు పెరళ్ల మధ్య లేచిన గోడలో దారి కొట్టించారు. ఆమె పోయాక కూడా దాన్ని పూడ్చలేదు. రేకు తలుపు మాత్రం పెట్టారు, మేకలు వస్తున్నాయని.