తోడికోడలి లోగో

మా ఇంట్లో కళ అనే మాట మీద హక్కు చాలాకాలం నాదే. మాదాపూర్‌లో ఒక కంపెనీలో డిజైనర్‌ని. యాప్‌లకు రంగులూ గుర్తులూ వేస్తాను. మా అత్త లెక్కలో అవి "కంప్యూటర్లో బొమ్మలు". అయినా చుట్టాలెవరొచ్చినా ఆ బొమ్మల సంగతి చెప్పకుండా కాఫీ ఇచ్చేది కాదు. మరిది పెళ్ళయ్యాక ఆ గొప్ప కాస్తా తోడికోడలికి పోయింది.

ఆమెది కొత్తగూడ. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూనే ఇంకొందరు ఆడవాళ్ళతో కలిసి పోల్ డ్యాన్స్ బృందం పెట్టింది. కొండాపూర్‌లో వంటింటి అల్మారాలు అమ్మే షోరూమ్ పైన హాలు కిరాయికి తీసుకుని, నేల నుంచి కప్పుదాకా స్టీలు పోల్స్ బిగించారు. సంగతి తెలిస్తే అత్త ఇల్లు పీకి పందిరేస్తుందని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే కోరుకున్నాను. కోడళ్ళను పాపలని పిలిచే ఆవిడేమో ఒకసారి వెళ్ళి చూసొచ్చి నాతోనే అంది: "చిన్నపాప ఒంటిచేత్తో గాల్లో నిలబడతాది పెద్దపాపా. నువ్వూ ఒకతూరి పోయి సూడు." ఆ పూట నాకు అన్నం సయించలేదు.

కొన్నాళ్ళకు తోడికోడలే వచ్చి అడిగింది. "అక్కా, మాకు లోగో, బోర్డు, టీషర్టులు అన్నీ ఒక్క తీరుగ ఉండాలె. బయటోళ్ళెందుకు, నువ్వున్నవు గద. జర చేసిపెడతవా?"

వెంటనే ఒప్పుకున్నాను. ప్రేమతో కాదు. ఆమె కళకు ముఖం నా చేతుల్లోంచి రావాలి. బోర్డు చూసిన ప్రతివాళ్ళూ ముందు నా గీతను మెచ్చుకోవాలి. నా లోగో వాళ్ళకు నచ్చకపోతే మాత్రం ఇంట్లో నాకు ఆ బొమ్మల పేరు కూడా మిగలదు.

గీయాలంటే వాళ్ళ సాధన చూడక తప్పలేదు. అక్కడ నా ఓర్వలేనితనం ఇంకా పెరిగింది. గుడ్డ అడ్డముంటే పట్టు జారుతుందట, ఒంటి చర్మమే పోల్‌ని పట్టుకోవాలట. అందుకే పొట్టి బట్టలు. తొడల మీద, మోచేతుల లోపల కమిలిన మచ్చలు. వాటిని ఒకరికొకరు కొత్త నగలు చూపించుకున్నట్టు చూపించుకుంటున్నారు. తోడికోడలు మోకాలి మడతతో పోల్‌ని బిగించి, చేతులు రెండూ వదిలేసి తలకిందులుగా వేలాడింది. కింద కూర్చుని కళ్ళలో నిప్పులు పోసుకుంటూ దాన్నే గీశాను. ఇంటికొచ్చి మళ్ళీ మళ్ళీ గీశాను. ఎంత గీసినా ఆమె ముఖం వేయబుద్ధి కాలేదు. ఒట్టి ఆకారం ఉంచాను.

ఆదివారం ఆ హాల్లోనే పెద్ద తెర మీద చూపించాను. ఒక నిలువు గీత, దాన్ని ఒంటికాలితో చుట్టుకుని తలకిందులైన మనిషి. బాగా కుదిరిందని నాకు తెలుసు. అంతలో వాళ్ళలో వయసులో పెద్దామె దగ్గరికొచ్చి చూసి, "గీ జడ ఏంది?" అంది. "మాలో ఎవ్వరికీ జడ లేదు గద. ఉన్నా ముడేస్తం. ఇట్ల ఇడిస్తే పోల్‌కి చుట్టుకుంటది."

చూశాను. బొమ్మ తల నుంచి కిందికి పొడుగ్గా జడ వేలాడుతోంది. వేసింది నేనే, ఎప్పుడు వేశానో మాత్రం తెలియదు. ఆ గదిలో నడుము దాటిన జడ ఒక్కరికే ఉంది. అది నా వీపు మీద ఉంది.

"పొరపాటు, తీసేస్తాను" అంటూ ల్యాప్‌టాప్ మీదికి వంగాను.

తోడికోడలు తెర వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. మిగతావాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. ఆమెకు అయింది.

"ఉండనియ్యి అక్కా," అంది మెల్లగా. "నేర్చుకోను వచ్చిననాడు ముడేసుకుంటది."

ఎగతాళి చేసినా బాగుండేది. హాయిగా ఆమెను తిట్టుకుంటూ ఇంటికి వెళ్ళిపోయేదాన్ని.