బాత్‌టబ్‌లో ఉప్పు

నాకు భయం. ముందే ఆ మాట చెప్పేస్తే మిగతాది రాయడం కాస్త సులువవుతుందేమో. అయిదేళ్లుగా ఒక సంగతి కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఆఫీసుకు వెళ్తాను, వస్తాను, పాపకు హోంవర్క్ చేయిస్తాను, సెలవు రోజున కారు కడుగుతాను. చూసేవాళ్లకు నేను బాగానే ఉన్నాను. కానీ ఎవరైనా తలుపు కొడితే చాలు, గుండె గుభేలుమంటుంది. ఎవరొచ్చారని? పోలీసులా? ఆయనా? నాకే తెలియదు. మీరెవరో నేనెరగను, అందుకే మీకు చెబుతున్నాను. నా పేరు రాయను. ఆయన పేరు కూడా మార్చాను. ప్రభుదాస్ అనుకోండి.

ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకంటారా? పోయిన వారం మా పాప స్కూల్లో వేసిన బొమ్మ ఇంటికి తెచ్చింది. బూడిదరంగు సొరచేప. ఒంటి మీద తెల్లచుక్కలు. వీపున రెండు ముళ్లు. ఆ ముళ్లు కూడా మరిచిపోకుండా వేసింది. "డాడీ, దే ఆర్ నియర్లీ గాన్. పీపుల్ టుక్ టూ మెనీ," అంది. తర్వాత నా వైపు తిరిగి, "డిడ్ యూ ఎవర్ క్యాచ్ వన్?" అని అడిగింది.

లేదమ్మా అన్నాను. ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందంటే నాకే ఒళ్లు జలదరించింది. పాప ఆ బొమ్మను ఫ్రిజ్ తలుపుకు అంటించింది. ఇప్పుడు పాలు తీయాలన్నా దాని మొహం చూడాలి.

సరే, మొదటినుంచీ చెబుతాను.

పాప పుట్టినప్పుడు మేం లండన్ పక్కన క్రోయిడన్‌లో ఒక చిన్న ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. నేను వర్క్ పర్మిట్ మీద వచ్చిన సాఫ్ట్‌వేర్ వాణ్ణి. పురిటికి రావాల్సిన మా అత్తగారికి వీసా రాలేదు. నా భార్య, ఆమెను సుజాత అందాం, పచ్చి బాలింత. తనకు పాలు పడలేదు. హెల్త్ విజిటర్ వచ్చి, పాపను తూచి, మొహం అదోలా పెట్టి, ఇక డబ్బాపాలు మొదలుపెట్టండి అని వెళ్లింది. ఆమె వెళ్లాక సుజాత గోడవైపు తిరిగి పడుకుంది. ఏడుస్తోందని భుజాలు చూస్తే తెలిసింది. కాకినాడకు ఫోన్ చేస్తే మా అమ్మది ఒకటే పాట. "పాలసొర తెచ్చి పొరటు చేసి పెట్టరా దానికి. నిన్ను కన్నప్పుడు నాకదే పెట్టేరు. పాలు పడక ఏం చేత్తాయి?"

మా వైపు బాలింతకు సొర పెట్టడం మామూలే. ఉడకబెట్టి, తోలు ఒలిచి, చేత్తో పొడిపొడిగా చిదిపి, నీళ్లు పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి బాగా దట్టించి వేయిస్తారు. అందులో నిజమెంతో నాకు తెలియదు. డిగ్రీలు చదివినవాణ్ణే. కానీ గోడవైపు తిరిగిన ఆ వీపును చూస్తూ నిజానిజాలు విచారించే ఓపిక నాకు లేకపోయింది. చేపల కొట్లన్నీ తిరిగాను. సొర కావాలంటే నన్ను వింతగా చూశారు. మా వీధి చివరి చిప్ షాపులో రాక్ అని రాసి, పిండిలో ముంచి వేయించి అమ్మేది ఒక రకం సొరనేనని చాలా కాలం తర్వాత తెలిసింది. చేపల వేటకు వెళ్లిన ఆ శనివారం పొద్దున ప్రభుదాస్ అన్న కారు కోసం నేను నిలబడింది ఆ షాపు ముందే.

ప్రభుదాస్ అన్న అక్కడే పరిచయమైన తెలుగాయన, ఊరు చీరాల వైపు. కేర్ హోంలో పని. ముసలివాళ్లకు స్నానాలు చేయించడం, తినిపించడం, వాళ్ల కోపాలు భరించడం. డ్యూటీల రోటాలో శనివారం ఖాళీ దొరికితే దక్షిణాన సముద్రం ఒడ్డుకు వెళ్లిపోయేవాడు. అక్కడ ఒక ముసలి ఇంగ్లీషాయన, స్కిప్పర్ అనేవాళ్లం, సరదాగా గాలం వేసుకునేవాళ్లను తన పడవలో ఎక్కించుకునేవాడు. అన్న పట్టిన మాకరెల్ చేపలన్నీ పెద్ద కూల్‌బాక్సులో పెట్టుకొచ్చి చర్చివాళ్లకు పంచేవాడు. నాకు గాలం పట్టుకోవడం నేర్పింది కూడా ఆయనే. "ఇక్కడికొస్తేనే ఊపిరాడుద్ది తమ్ముడూ," అనేవాడు. వారమంతా ఇతరుల కోసం బతికే మనిషికి అదొక్కటే సొంతమని నాకు అప్పుడే తెలుసు. తెలిసే చేశాను. అది గుర్తుంచుకోండి.

పడవ కదిలే ముందు స్కిప్పర్ ఎప్పుడూ ఒక హెచ్చరిక చెప్పేవాడు. స్పర్‌డాగ్ అనే చిన్న సొర గాలానికి పడితే ఎవరూ ముట్టుకోకూడదు, తనను పిలవాలి, తనే గాలం తీసి నీళ్లలో వదిలేస్తాడు. దాని వీపు రెక్కల ముందు ముళ్లుంటాయి, గుచ్చుకుంటే చెయ్యి వాస్తుంది. పైగా ఈ కాలంలో ఒడ్డుకు దగ్గరగా వచ్చేవి కడుపుతో ఉన్న ఆడవి. దాదాపు రెండేళ్లు మోస్తాయవి పిల్లల్ని. ఆయన కుర్రతనంలో వాళ్ల నాన్న వలల్లో గుట్టలుగా పడేవట. ఇప్పుడు సీజనంతా వెతికినా ఒకటీ అరా. "మనం సరదాకి వచ్చినవాళ్లం. మన సరదాకి అవి చావకూడదు," అనేవాడు. నేను వినలేదని చెప్పను. విన్నాను. సొర అన్న మాట దగ్గర నా చెవులు ఇంకా నిక్కబొడుచుకున్నాయి.

అది నా గాలానికే పడింది. ప్రభుదాస్ అన్న అందరికీ టీ పెడతానని క్యాబిన్‌లోకి వెళ్లాడు. స్కిప్పర్ పడవ ముందువైపు ఎవరివో చిక్కుపడిన దారాలు విడదీస్తున్నాడు. అంచు మీదుగా లోపలికి లాగాను. బరువుగా ఉంది. పొట్ట ఉబ్బుగా, మెత్తగా చేతికి తగిలింది. నాకు తెలుసు. కడుపుతో ఉన్న చేపను గుర్తుపట్టలేనివాడు మా ఊళ్లో ఉండడు. అరిచి స్కిప్పర్‌ను పిలవాలి. నోట్లో మాట కూడా తయారైంది. కానీ గోడవైపు తిరిగిన సుజాత భుజాలే కనబడ్డాయి. చెత్త వేసే బిన్ లైనర్‌లో చుట్టి నా బ్యాగులోకి తోస్తుంటే వీపు ముల్లు బొటనవేలిలో దిగింది. నొప్పికి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. కిక్కురుమనలేదు.

ఒడ్డుకు చేరాక స్కిప్పర్ పడవ కడుగుతూ ఆగిపోయాడు. ప్రభుదాస్ అన్న నిలబడిన చోట, నీళ్లు పోయే కంత దగ్గర, కడిగిన నీళ్లతో కొట్టుకొచ్చిన వేలెడంత సొరపిల్ల. నేను లాగినప్పుడు తల్లి కడుపులోంచి జారిపడి ఉంటుంది. పొట్టకు పచ్చసొన సంచీ ఇంకా అతుక్కునే ఉంది. స్కిప్పర్ దాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. తల్లిని ఎవరు తీసుకున్నారని అందరినీ అడిగాడు. ఎవరి బ్యాగూ వెతకను, ఎవరిదో చెబితే చాలు, లేకపోతే చేపల శాఖ వాళ్లను పిలుస్తాను అన్నాడు. అలాంటి చేపను తీసుకుంటే చట్టం ఏం చేస్తుందో నాకు తెలియదు. ఏమీ చేయదేమో కూడా. కానీ నా కళ్ల ముందు వీసా, ఉద్యోగం, పసిపిల్లతో విమానం ఎక్కుతున్న సుజాత, అన్నీ ఒక్కసారే తిరిగాయి.

స్కిప్పర్ నన్ను పక్కకు పిలిచాడు. "నువ్వు అతని పక్కనే ఉన్నావు. అతనేనా?"

ఆయన చేపలన్నీ చర్చివాళ్ల కోసం తీసుకెళ్తాడు అన్నాను. అది నిజమే. ఎంత నిజమైన మాటతో ఎంత పని చేశానో చూశారా?

"అయితే అతనే కదా?" అని మళ్లీ అడిగాడు.

తల ఊపాను.

ఒక్కసారి, కిందికి. అంతే.

ఇక నా పడవ ఎక్కొద్దు అని స్కిప్పర్ అందరి ముందూ అన్నతో అన్నాడు. రేవులో మిగతా పడవలవాళ్లకు కూడా చెబుతానన్నాడు. ప్రభుదాస్ అన్న కూల్‌బాక్స్ మూత మీద చెయ్యి వేశాడు. తెరిస్తే మాకరెల్ తప్ప ఏమీ ఉండదు, గొడవ అక్కడితో తీరిపోతుంది. తెరవబోతూ నా వైపు చూశాడు. నా బ్యాగు వైపు చూశాడు. చెయ్యి తీసేశాడు. ఎందుకు తీశాడు? అప్పుడు నేను, ఆయన అవమానంతో తెరవలేదు అని నాకు నేను చెప్పుకున్నాను. అలా చెప్పుకోకపోతే కారులో ఆయన పక్కన కూర్చుని ఇంటికి రావడం నాకు సాధ్యమయ్యేది కాదు. దారంతా ఆయన రోడ్డు మీదే చూపు పెట్టి నడిపాడు. నేను పాప గురించి ఏదేదో వాగుతూనే ఉన్నాను.

ఇంటికొచ్చి బాత్‌రూం తలుపు గడియ పెట్టి చేపను కోశాను. ఇక్కడ రాయడం ఆపేసి కాసేపు అటూ ఇటూ తిరిగి వచ్చాను. లోపల పిల్లలు బతికే ఉన్నాయి. కదులుతున్నాయి. ఏం చేయాలో తోచక టబ్‌లో చన్నీళ్లు వదిలాను. మంచినీళ్లలో చచ్చిపోతాయని గుర్తొచ్చి వంటింట్లోకి పరుగెత్తి ఉప్పు ప్యాకెట్ తెచ్చి మొత్తం కుమ్మరించాను. చేత్తో కలిపి, నాలిక మీద వేసుకుని చూశాను. చిన్నప్పుడు కాకినాడ బీచిలో మింగిన నీళ్ల రుచి వచ్చేదాకా ఇంకా వేశాను. నవ్వొస్తోందా మీకు? నాకు ఆ క్షణంలో వాటిని బతికిస్తానన్న నమ్మకం నిజంగా ఉంది. టబ్ గోడల వెంబడి తిరిగాయి. కాసేపే. తర్వాత ఒక్కొక్కటే పక్కకు ఒరిగిపోయాయి. పక్కగదిలో పాప ఏడుస్తోంది. "ఏం చేస్తున్నారండీ ఇంతసేపూ?" అని సుజాత పిలిచింది. చేప కడుగుతున్నానన్నాను.

మర్నాడు పొరటు చేశాను. సుజాత ఇష్టంగా తింది. చాలా నెలల తర్వాత మా ఊరి వాసన వచ్చిందని నవ్వింది. అప్పుడే తలుపు కొట్టారు. ప్రభుదాస్ అన్న. చర్చి నుంచి నేరుగా వచ్చాడు. కేర్ హోంలో ఒక పెద్దావిడ అల్లిచ్చిన ఉన్ని టోపీ పాప కోసం తెచ్చాడు. "అన్నయ్యగారూ, మా ఆయన ఎక్కడ దొరకబుచ్చుకున్నారో సొర తెచ్చారు, భోంచేసి వెళ్లండి," అంటూ సుజాత అప్పటికే కంచం పెట్టేసింది.

ఆయన కంచం వైపు చూశాడు. నా బొటనవేలి కట్టు వైపు చూశాడు. కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. తిన్నాడు. మెతుకు మిగల్చకుండా తిన్నాడు. "బాగుంది చెల్లెమ్మా. కడుపు నిండా తిను, పాలు పడతయి," అన్నాడు. నేను ఎదురుగా కూర్చుని, ఆయన లేచి అరుస్తాడని, సుజాతకు చెప్పేస్తాడని, చెమటలు కక్కుతూ చూస్తున్నాను. ఆయన కంచం తనే కడిగి బోర్లించాడు.

తలుపు దాకా సాగనంపాను. మెట్ల దగ్గర ఆగాడు.

"వేలు వేణ్ణీళ్లలో పెట్టు. వాపు లాగేస్తది," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "పిల్లలెన్ని తమ్ముడూ?" అన్నాడు.

"ఏ పిల్లలన్నా?" అన్నాను.

నా మొహంలోకి చూశాడు. అందులో కోపం ఉందేమోనని ఈ అయిదేళ్లూ వెతుక్కున్నాను. ఉంటే బాగుండేది. "సరేలే. చెల్లెమ్మ జాగర్త," అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మళ్లీ మా ఇంటికి రాలేదు. ఆ రేవులో ఆయనను ఏ పడవా ఎక్కించుకోలేదని విన్నాను. నేను మాత్రం ఆ తర్వాత కూడా అదే పడవ ఎక్కాను. మానేస్తే అనుమానం వస్తుందన్న భయంతో. స్కిప్పర్ నా చేతికి టీ కప్పు ఇచ్చి, నీలాంటి నిజాయతీపరులు కావాలి అన్నాడు. ఆ తర్వాత వెళ్లలేకపోయాను. కొన్నాళ్లకు ప్రభుదాస్ అన్న లీడ్స్‌లో పని చూసుకుని వెళ్లిపోయాడు. సముద్రం అక్కడికి దగ్గర కాదు. ఆయన నంబరు నా ఫోన్‌లో ఉంది. ఫోన్ మార్చిన ప్రతిసారీ జాగ్రత్తగా ఎక్కించుకుంటాను. చేయను.

సుజాతకు పాలు పడ్డాయి. అదే నన్ను ఎక్కువగా భయపెడుతుంది. మా పాప ఆ పాలు తాగి పెరిగింది. దానికి ఉబ్బసం. చలికాలం వస్తే ఎగశ్వాస. నీలం ఇన్‌హేలర్ నోట్లో పెట్టి, ఆ చిన్న మెడ కింద గుంట పడుతూ లేస్తూ ఉంటే, నాకు టబ్‌లో ఆడిన మొప్పలు కనబడతాయి. ఉబ్బసం ఎందుకొస్తుందో మా జీపీ డాక్టరు వివరంగా చెప్పాడు. అర్థమైంది. అయినా ఆ రాత్రి నిద్రపోలేదు. ఇల్లు మారాం, టబ్ మారింది, పాప స్నానం చేస్తుంటే మాత్రం ఇప్పటికీ తలుపు దగ్గరే నిలబడతాను. "గో అవే, డాడీ," అని విసుక్కుంటుంది. చేపకు చేసిన పాపం పిల్లకు తగులుతుందా? తగలదని మీరంటారు. మరి మనిషికి చేసింది?

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. స్కిప్పర్ ఉన్నాడో లేడో తెలియదు. సుజాత పక్కగదిలో బట్టలు మడతపెడుతోంది, తనకు చెప్పే ధైర్యం ఇవాళ్టికి లేదు. ఈ భయం పోతుందని కూడా అనుకోను. కానీ ఇది రాస్తున్నంతసేపూ తలుపు వైపు చూడలేదని ఇప్పుడే గమనించాను. ఆయన అడిగినదానికి జవాబు మాత్రం చెప్పేస్తాను. ఇంకెక్కడా చెప్పలేను.

ఏడు, అన్నా. ఒకటి పడవలో నీ కాళ్ల దగ్గర దొరికింది. ఆరు మా టబ్‌లో. ఆఖరుది చాలాసేపు ఈదింది.