ఒకటి కొడితే ఆపు, రెండు కొడితే పోనీ

మా మామ పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. ఆ పొద్దున నా చేతి గంజి రెండు చెంచాలు తాగి పోయారు. సూరత్‌లో ఈ ఉధ్నాలో, మా లైను ఇళ్లలో ఉండే మనవాళ్లంతా వచ్చారు. మామ పనిచేసిన కడోదరా గ్యారేజీ వాళ్లూ వచ్చారు. అందరూ ఆయన పనితనం గురించి చెప్పుకున్నారు. నేను చెప్పాల్సింది ఒకటుంది, నోరు రాలేదు. ఏడో తరగతి దాకే చదివాను. రాతలో తప్పులుంటే మన్నించండి.

మామ చిన్నతనంలోనే మగ్గాల పనికి సూరత్ వచ్చారట. ఆ మోతకు ఒక చెవి పోయింది. తర్వాత గ్యారేజీలో చేరి బస్సులకు బాడీ కట్టే మిస్త్రీ అయ్యారు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో నా మాట ఆయనకు వినపడేదే కాదు. "జర గట్టిగ మాట్లాడు బిడ్డా, నోట్ల ముత్యాలున్నయా ఏంది, రాలిపోతయని?" అనేవారు. నేను ఇంకా చిన్నగా నవ్వేదాన్ని.

పోయిన ఏడాది ఒక శేఠ్ పాత డబల్ డెక్కర్ బస్సు కొని గ్యారేజీకి తెచ్చాడు. ఒకప్పుడు బొంబాయిలో తిరిగిన బస్సు. దాన్ని బాగు చేసి, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని, రోడ్డు మీదనే లండన్ దాకా పోతాడట. "లండన్ ఏడుందో నాకెర్క లేదు గని, బస్సు ఏడ ఆగిపోతదో చూస్తే చెప్త" అన్నారు మామ. అయినా మనసు పెట్టి చేశారు. పై అంతస్తులో సీట్లు పీకి పడకలు బిగించారు. నీళ్ల ట్యాంకు, స్టవ్వు పెట్టారు. బస్సు ఎంత ఎత్తో అంత ఎత్తున ఒక బొంగును టెంపో మీద నిలబెట్టి కట్టి, వంతెనల కింద తిప్పి చూశారు. "దెబ్బ ముందు బొంగుకు తగలాలె, తర్వాతనే మనకు" అనేవారు.

కిటికీల పరదాలు కుట్టే పని నాకు ఇప్పించారు. ఒక్కో కిటికీ మూడు జానలు అని చెబితే, నేను నా జానతో కొలిచి కోశాను. ఒక్కటీ సరిపోలేదు, అన్నీ పొట్టివే. నాకు ఏడుపొచ్చింది. ఆయన నా చేతి పక్కన తన చెయ్యి పెట్టి చూపించి, "నా జాన నీ జాన ఒక్కటైతదా పిచ్చిదానా! ఉండనీ, కింది నుంచి గాలన్న వస్తది" అని నవ్వారు. వాటి కింద ఇంకో నీలం గుడ్డ అతికించడానికి నన్ను గ్యారేజీకి తీసుకెళ్లారు.

శేఠ్ ఆయన్నే మిస్త్రీగా వెంట రమ్మన్నాడు. పాస్‌పోర్టు వచ్చింది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి దేవుడి పటం వెనక పెట్టారు. "నలభై ఏండ్ల సంది ఒక్కటే రైలు ఎక్కిన. ఊరికి పొయ్యేడిది, సూరత్ వచ్చేడిది. ఇగ ఒక్కసారి వేరే తొవ్వల పోతనే" అని అత్తమ్మతో అన్నారు. ఆయన కళ్లు అంతగా మెరవడం నేను ఎప్పుడూ చూడలేదు.

బయలుదేరడానికి వారం ఉందనగా ఒక మధ్యాహ్నం ఫ్యాన్ బెల్టు బిగిస్తున్నారు. నన్ను లైటు పట్టమన్నారు. డ్రైవరు పైన సీట్లో కూర్చున్నాడు. మామ ఎడమ చేత్తో ఇనుప రాడ్డు తన్ని పట్టి, కుడి చేత్తో బెల్టు నొక్కి చూస్తున్నారు. మెడ నరాలు ఉబ్బాయి. ఆయాసం వస్తోంది. నాకు భయమేసింది. ఆయన వినాలని, "చాలు మామా, చాలు!" అని గట్టిగా అరిచాను.

గుజరాతీలో చాలూ అంటే మొదలుపెట్టమని. డ్రైవరు సెల్ఫ్ కొట్టాడు.

బెల్టులో పడి మామ కుడి చేతి మూడు వేళ్లు విరిగాయి. డ్రైవరు కిందికి దూకి, "చాలూ కిస్‌నే బోలా?" అని, ఆ మాట ఎవరన్నారని అడిగాడు. నేను లైటు పట్టుకుని అలాగే నిలబడ్డాను. మామ చేతిని బనీనుకు అదుముకుంటూ, "మైనే బోలా" అని, ఆ మాట తానే అన్నట్టు మీద వేసుకున్నారు.

వేళ్లు వంకరగా అతుక్కున్నాయి, పానా పట్టు దొరకలేదు. శేఠ్ ఇంకో మిస్త్రీని మాట్లాడుకున్నాడు. బయలుదేరేది నెల వెనక్కి పోయింది. మామ చేతి కట్టుతోనే వెళ్లి, పాత బస్సుల్లో ఉండేలాంటి గంట ఒకటి వెతికి తెచ్చి, పై అంతస్తు నుంచి డ్రైవరు దాకా తాడు కట్టించారు. "ఇగ మాటలొద్దు. ఒకటి కొడితే ఆపు, రెండు కొడితే పోనీ" అన్నారు. బస్సు కదిలిన రోజు తానే ఎక్కి, ఎడమ చేత్తో తాడు రెండుసార్లు లాగి, కిందికి దిగారు. నా నీలం పరదాలు కనపడినంతసేపు గేటు దగ్గరే నిలబడ్డారు. ఇంటికొచ్చి పాస్‌పోర్టు ఎక్కడుందో అక్కడే ఉంచారు.

అప్పటి నుంచి అత్తమ్మ ఆ డ్రైవర్ని తిట్టని రోజు లేదు. "వాని చేతులిరగ! పెద్దమనిషి వేళ్లు మింగి, వాడు దేశాలు తిరుగుతుండు!" మామ మాత్రం, "పోనీ తియ్యే, వాని తప్పు లేదు" అనేవారు. అలా అనేటప్పుడు నా వైపు చూసేవారు కాదు. చూస్తే చెప్పేసేదాన్నేమో. నేను పొయ్యి వైపు తిరిగి రొట్టెలు చేసుకునేదాన్ని.

వానాకాలంలో ఆయనకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. మాట్లాడితే ఆయాసం. మంచం పక్క కిటికీలో స్టీలు గ్లాసు పెట్టుకుని, చెంచాతో కొట్టేవారు. ఒకటి కొడితే గంజి చాలని, రెండు కొడితే ఇంకా పోయమని.

ఆ పొద్దున అత్తమ్మ నీళ్లకు వెళ్లింది. రెండో చెంచా తాగించి, ఆయన మంచి చెవి దగ్గర వంగి చెప్పాను. "మామా, ఆ దినం చాలు అన్నది నేనే. నీకు ఎర్కనే. అయినా నేను చెప్పాలె గద." ఆయన కళ్లు తెరిచి నన్ను చూశారు. వంకర వేళ్లతో చెంచా తీసుకుని గ్లాసు మీద ఒకసారి కొట్టారు. మళ్లీ చెంచా ఎత్తారు. అది గ్లాసును తాకలేదు. చెయ్యి పరుపు మీద పడింది.

చాలు అన్నారో, పోనీ అనబోయారో నాకు తెలియదు.

అత్తమ్మకు చదువు రాదు. ఈ కాగితాలు ఆమెకు నేనే చదువుతాను, గట్టిగా. ఆ డ్రైవరు మీద పడ్డ తిట్లన్నీ నావి.

ఆ గ్లాసును ఇంకా ఎవరూ తీయలేదు. బయట రోడ్డు మీద బరువు లారీ పోతే కిటికీ అదిరి, గ్లాసు ఊచకు తగిలి ఒకసారి మోగుతుంది. నేను చేతిలో పని ఆపి, రెండోసారి మోగుతుందేమోనని నిలబడతాను.