ఎస్ ఎక్కడున్నా రావాలి

నిన్న మా సేఠ్ అరిచిన అరుపులు ఫాక్‌లాండ్ రోడ్డు దాకా వినబడ్డాయట. మీకు వినబడలేదా? అయితే చాయ్ తెప్పించండి, నేనే చెప్తా.

నా పని తెలుసు కదా! రెడీమేడ్ చొక్కాల కార్ఖానాలో కాలర్ లోపల సైజు లేబుల్ కుట్టడం. ఎస్ అంటే స్మాల్, ఎల్ అంటే లార్జ్. సాయంత్రం గ్రాంట్ రోడ్ స్టేషన్‌కి పోతే బోర్డు మీద మళ్లీ అదే ఎస్! అక్కడ స్లో లోకల్ అని అర్థం. మా ఇంట్లో మాత్రం ఎస్ అంటే నేను. సాయిలు అనే నన్ను మా మణెమ్మ అట్లాగే పిలుస్తుంది. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని వాళ్లమ్మ చెప్పి పంపింది మరి.

ఈ పిలుపు పుట్టింది వీటీ స్టేషన్లో. పెళ్లయ్యాక మణెమ్మ మొదటిసారి బొంబాయి వచ్చిన రోజు. తోడొచ్చిన ఊరివాళ్లు వర్లి పోవాలని దాదర్‌లోనే దిగిపోయారు. నేను వీటీలో బండి ముందు వైపు నిలబడ్డా. ఆమె వెనక డబ్బాలోంచి దిగింది. ఒకటే జనం! డబ్బా డబ్బా వెతికా. అంతలో మైకులో హిందీలో చెప్పారు: "ఎస్ ఎక్కడున్నా రావాలి. మీ భార్య ఎంక్వైరీ దగ్గర ఏడుస్తోంది."

అంత కంగారులోనూ నాకు నవ్వొచ్చింది. పక్కనున్న కూలీతో అన్నా కూడా: "చూడు భయ్యా, ఎవడో గాడిద పెళ్లాన్ని పారేసుకున్నాడు!"

మళ్లీ మైకు. "కామాటిపురాలో ఉండే ఎస్, పాలమూరు నుంచి మీ భార్య..." అప్పుడు తెలిసింది గాడిద ఎవరో.

పరుగెత్తా. మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి కళ్లు తుడుచుకుంది. ఎంక్వైరీ బాబు మాత్రం వదల్లేదు. "ముందు నీ పేరు చెప్పమను, తర్వాతే తీసుకుపో" అన్నాడు. అక్కడున్న ఒక మరాఠీ బాయికి జాలేసింది. "ఉఖాణా ఘే గ!" అంది మణెమ్మతో. ఉఖాణా అంటే వాళ్లలో ఆడవాళ్లు మొగుడి పేరుని కలిపి చెప్పే చిన్న పాట, అట్లా చెప్తే దోషం ఉండదు. మణెమ్మ తల అడ్డంగా ఊపింది. నిజం చెప్పనా? ఆ నోటి నుంచి ఒక్కసారి నా పేరు వినాలని నాకూ ఎంత ఆశో!

ఆఫీసంతా ఆమెనే చూస్తోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "ఎస్" అంది. "నాకు సదువు గంతే వచ్చు. మిగిలింది మీరే సదువుకోండ్రి."

నేను హిందీలో చెప్పగానే బాబు పగలబడి నవ్వి, పొమ్మన్నాడు. మేం ఇల్లు చేరేసరికి, స్టేషన్లో మైకు విన్న మా వైపు వాళ్ల నోట ఈ కథ మా చాల్‌కి, అదే మా గదుల వరసకి, చేరిపోయింది.

ఇప్పుడు ఆమె కాన్పుకి పాలమూరు పోయింది. పొద్దున నల్లా దగ్గర "ఎస్, బకెట్ పెట్టినవా?" అనే కేక లేదు. సాయిలూ అని పిలిచేవాళ్లు చాల్ నిండా ఉన్నారు. పిలిచినా పలకబుద్ధి కావట్లేదు. ఇల్లంతా బోసిపోయింది, నమ్మండి.

నిన్న అట్లాగే మిషన్ ముందు కూర్చున్నా. చేతికి ఎస్ లేబుల్ వచ్చింది, కుట్టా. ఇంకొకటి కుట్టా. ఆ గుర్రు గుర్రు చప్పుడులో ఎక్కడికో పోయా. సేఠ్ వచ్చి ఒక చొక్కా మడత విప్పి పట్టుకున్నాడు. అందులో ఇద్దరు సాయిలులు పడతారు! ఎల్ సైజు గుట్ట మొత్తానికీ ఎస్ కుట్టేశా!

"దిమాగ్ కహాఁ హై తేరా?" నీ బుర్ర ఎక్కడుందిరా అని.

నా నోరు ఊరుకోదు కదా. "పాలమూర్ల ఉంది సేఠ్. కాన్పుకి పోయింది."

ఇక అరుపులు మొదలు! ఇవాళంతా ఆ లేబుళ్లు విప్పుతూనే ఉన్నా. ఒక్కదాన్ని విప్పడానికి మాత్రం చేతులు రాలేదు. జీతంలో పట్టుకోమని ఆ చొక్కా నేనే తీసుకున్నా. ఇదిగో, వేసుకున్నది అదే. నవ్వకండి! లోపల ఇంకొకరికి చోటుందని నాకూ తెలుసు. ఆమె వచ్చేదాకా అట్లాగే ఉండనీయండి.