పెద్దాయనకి ఏమీ తెలియదన్న ఎమ్మార్వో గారు

తెల్లకోటు మడతలు కూడా ఇంకా పోని ఆ రోజుల్లో, న్యూజెర్సీలో నేను డాక్టరుగా రెసిడెన్సీ శిక్షణకి చేరిన ఆసుపత్రిలో అందరికంటే తక్కువ తెలిసినదాన్నీ, అందరికంటే ఎక్కువ మాట్లాడాల్సినదాన్నీ నేనే. అది నా గొప్ప కాదు, ఇక్కడి పద్ధతే అంత. గుంటూరులో మేం చదువుకునేటప్పుడు ప్రొఫెసరు గారు పెళ్లికొడుకులా ముందు నడిస్తే, మేం పెళ్లివారిలా వెనకాల నడిచేవాళ్లం. ఆయన చెప్పింది రాసుకోవడం, ఆయన నవ్వితే నవ్వడం, అంతవరకే మా వైద్యం. అమెరికాలో అంతా తలకిందులు. ఇక్కడ పేషెంటు మంచం దగ్గర మొదట నోరు విప్పాల్సింది ఇంటర్న్, అంటే అందరిలోకీ చిన్నది. ఆమె తప్పుల్ని సీనియర్ రెసిడెంట్ సవరిస్తాడు (మా సీనియర్ వయసులో నాకంటే చిన్నవాడు. ఇక్కడి పరీక్షలు రాయడంలోనే నా యౌవనం కొంత ఖర్చయిపోయింది లెండి). వీళ్లందరి పైనా అటెండింగ్. బాధ్యత ఆయనది, ఆఖరి మాట ఆయనది, తేడా వస్తే తల తెగేదీ ఆయనకే. మా అటెండింగ్ తెల్ల మీసాల పెద్దాయన. మనసులో నేను ఆయన్ని తాతగారు అనుకునేదాన్ని. తాతగారు తనకి తెలిసిన సంగతి చచ్చినా ముందు చెప్పేవారు కాదు. "నువ్వేమనుకుంటున్నావు?" అనేవారు. చెబితే "ఎందుకు?" అనేవారు. దానికీ జవాబు చెబితే ఇంకో "ఎందుకు?" సిద్ధంగా ఉండేది.

అలాంటి రోజుల్లో మా వార్డుకి ఎమ్మార్వో గారు వచ్చారు. తెనాలి వైపు మనిషి, రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి ఎమ్మార్వోగా రిటైరయ్యారు, జెర్సీ సిటీలో కొడుకు దగ్గర కొన్నాళ్లు ఉండిపోదామని వచ్చారు. అపార్ట్‌మెంట్ లాబీలో కళ్లు తిరిగి పడిపోతే తీసుకొచ్చారు. నేను తెలుగులో పలకరించగానే ముఖం విప్పారింది. "ఎవరమ్మాయివమ్మా నువ్వు? గుంటూరా? అయితే మనూరే" అని, గుంటూరుకీ తెనాలికీ మధ్య దూరాన్ని ఒక్క మాటతో రద్దు చేసేశారు. ఆయన గుండె బాగా నిదానంగా కొట్టుకుంటోంది. కొట్టుకోమని పైగది నుంచి వెళ్లే కబురు కిందిగదికి అందడం లేదు. ఆ సంగతి చెబితే, "అంటే జిల్లా ఆఫీసు ఆర్డర్లు మండలానికి చేరడం లేదన్నమాట. మాకిది అలవాటేనమ్మా" అన్నారు నిబ్బరంగా. నిబ్బరంగా ఉండాల్సిన సంగతి కాదది. పేస్‌మేకర్ పెట్టకపోతే మళ్లీ పడిపోవచ్చు, ఈసారి లేవకపోవచ్చు కూడా.

మర్నాడు పొద్దున్నే రౌండ్స్. నేను కేసు చెప్పాను. తాతగారు చేతులు కట్టుకుని, "ఏమైందంటావు?" అన్నారు. చెప్పాను. "ఇప్పుడేం చేద్దాం?" పేస్‌మేకర్ అన్నాను. "ఎందుకు? మందులు మార్చి చూడకూడదా?" ఎందుకు కుదరదో చెప్పాను. చివరికి ఆయన తల ఊపి, పేషెంటు వైపు తిరిగి, "మీకు పేస్‌మేకర్ అవసరం సార్, ఇవాళే పెట్టించుకుంటే మంచిది" అన్నారు. ఎమ్మార్వో గారు ఇదంతా జాగ్రత్తగా వింటున్నారు. ఉద్యోగమంతా ఇంగ్లీషులో డ్రాఫ్టులు రాసిన మనిషి, ఒక్క ముక్క వదల్లేదు. ఆలోచించుకుని చెప్తానన్నారు. అందరూ వెళ్లాక నన్ను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించారు.

"అమ్మాయ్, నీకో మాట చెప్తాను, బయటికి పొక్కనీకు. ఆ పెద్దాయనకి ఏమీ తెలియదు."

"అదేంటంకుల్, ఆయన మాకందరికీ పైనుండే డాక్టరు."

"పైనుండేవాళ్ల సంగతి నాకు చెప్పకు. ఏమైందో నిన్నడిగాడు. ఏం చేద్దామో నిన్నడిగాడు. ఎందుకో కూడా నిన్నే అడిగాడు. నువ్వు చెప్పింది విని నాకు అప్పజెప్పాడు. ఆయన మాట మీద గుండెలో మిషను పెట్టించుకోమంటావా? నేను సంతకం పెట్టను."

నిజం చెప్పొద్దూ, ఒక్క నిమిషం ఉబ్బిపోయాను. వచ్చినప్పటినుంచీ ఆ ఆసుపత్రిలో నన్ను అంత పైకెత్తినవాళ్లు లేరు (నా బ్యాడ్జి చూసి కూడా నర్సులు "అసలు డాక్టరెక్కడ?" అనేవారు). మరు నిమిషంలోనే భయం పట్టుకుంది. మానిటర్ మీద గీతలు మెల్లగా, బద్ధకంగా వెళ్తున్నాయి. కొడుకు తలుపు దగ్గర నిలబడి, "డాక్టర్ గారూ, మీరే కన్విన్స్ చేయాలి, నా మాట అస్సలు వినరు" అంటున్నాడు. ఇక లాభం లేదని ఎమ్మార్వో గారికి ఆయన భాషలోనే చెబుదామనుకున్నాను.

"అంకుల్, మీ ఆఫీసులో గుమాస్తా ముందు నోట్ రాసి ఫైలు పెడతాడు కదా. మీరు అంతా చూసి సంతకం పెట్టేవారు కదా. ఇక్కడా అంతే. నేను గుమాస్తాని, ఆయన ఆఫీసరు."

ఎమ్మార్వో గారు నా వంక జాలిగా చూశారు. "చూసి పెట్టేవాణ్ణని నీకెవరు చెప్పారమ్మా?"

నా తెలివితేటలు కేసుని ఎక్కడికి తెచ్చాయో అర్థమైంది. వెళ్లి తాతగారితో ఉన్నదున్నట్టు చెప్పేశాను. మీకేమీ తెలియదంటున్నారు సార్ అని అటెండింగ్‌తో చెప్పిన ఇంటర్న్ నాకు ముందు ఎవరూ ఉండి ఉండరు. ఆయన మీసాల్లో నవ్వుకున్నారు. "మరేం చేద్దాం?" అని మళ్లీ అదే ప్రశ్న. మీరొచ్చి గట్టిగా చెప్పండి సార్ అన్నాను. "ఆయన నమ్మేది నిన్ను. నువ్వే చెప్పు. నేనక్కడే ఉంటాను" అని నా వెనకే వచ్చి, కిటికీ పక్కన నిలబడ్డారు.

నేను మొత్తం మళ్లీ మొదలుపెట్టబోతుంటే ఎమ్మార్వో గారు చెయ్యెత్తి ఆపారు. "అవన్నీ విన్నాను. ఒక్కటి చెప్పు. మీ నాన్నకైతే పెట్టిస్తావా?"

అలవాటు చొప్పున నా మెడ కిటికీ వైపు తిరిగింది.

"ఆయన వంక చూడకు. నా వంక చూసి చెప్పు."

చేరినప్పటినుంచీ నేను పైవాళ్లను అడగకుండా జ్వరం మాత్ర కూడా ఇచ్చి ఎరగను. గుంటూరులో మా నాన్న గుర్తొచ్చాడు, బీపీ మాత్ర వేసుకోకుండానే వేసుకున్నానని ఫోన్లో అబద్ధం చెప్పే మా నాన్న. "పెట్టిస్తానండి. ఇవాళే పెట్టిస్తాను" అన్నాను. ఎమ్మార్వో గారు చెయ్యి చాపి, "అయితే తే, ఎక్కడ పెట్టాలి సంతకం?" అన్నారు.

ఆ మధ్యాహ్నం కార్డియాలజిస్టులు ఆయన్ని లోపలికి తీసుకెళ్లారు. అక్కడ నాకు పనిలేదు, భోజనానికి వెళ్లాలి. కానీ వెళ్లలేదు. పెట్టిస్తానన్నది నేను. లోపల ఏమైనా అయితే ఆ కొడుకు ముఖం ఎలా చూడాలి? తలుపు బయట గోడకానుకుని నిలబడ్డాను. కాసేపటికి తాతగారు వచ్చి అదే గోడకి కాస్త ఎడంగా నిలబడ్డారు. విచిత్రం, ఒక్క "ఎందుకు?" కూడా లేదు. ఫోను తీసి చూస్తున్నట్టు నటించారు. ఆయనకీ అక్కడ పనిలేదు. ఎందుకొచ్చారో నాకు అప్పుడు తట్టలేదు, దారిలో ఆగారనుకున్నాను. కార్డియాలజిస్టు బయటికొచ్చి అంతా బాగుందని చెప్పాక, "వెళ్లి ఏమైనా తిను" అని మాత్రం అని వెళ్లిపోయారు.

డిశ్చార్జి రోజు ఎమ్మార్వో గారు తాతగారి చెయ్యి పట్టుకుని, తన ఆఫీసు ఇంగ్లీషులో, ఈ అమ్మాయిని దగ్గర పెట్టుకోండి, మీకు పనికొస్తుంది అని సిఫారసు చేశారు. తాతగారు అంతే మర్యాదగా, "తప్పకుండా సార్, రోజూ నేర్చుకుంటూనే ఉన్నాను" అన్నారు.

ఇప్పుడు ప్లేనో ఊళ్లో ఒక ఆసుపత్రిలో నేనే అటెండింగ్‌ని, మీసాలు లేవంతే. మొన్న మా ఇంటర్న్, ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, తను ఒప్పించిన పేషెంటు లోపలుంటే తలుపు బయట గోడకానుకుని నిలబడింది. నాకక్కడ పనిలేదు. వెళ్లి కాస్త ఎడంగా నిలబడి ఫోను తీశాను. "ఆంటీ... సారీ, డాక్టర్, మీకు మీటింగ్ లేదా?" అంది. ఉంది, అవతల నాకోసం ఎదురుచూస్తున్నారు కూడా. లేదన్నాను. ఈవిడకి పనీపాటా ఏమీ లేదు కాబోలు అనుకుని ఉంటుంది పిచ్చిపిల్ల. అనుకోనీ.